రెండో కాపీ ఎక్కడుంది?

ఒంగోలులో జెరాక్స్, డీటీపీ, ఫొటో స్టూడియో, నెట్ సెంటర్ నడిపేవాళ్ల సమావేశంలో ఒక కంప్యూటర్ సర్వీస్ మెకానిక్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.

అందరికీ నమస్కారం. పెళ్లిళ్ల సీజన్లో, చేతినిండా పని ఉన్న రోజుల్లో షాపులు కుర్రాళ్లకి అప్పజెప్పి వచ్చారు. మీ టైం విలువ నాకు తెలుసు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

నేను 1990ల చివర్లో ఈ ఊళ్లోనే ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ల్యాబ్‌లో పని నేర్చుకున్నాను. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఇదే పని. చెడిపోయిన మిషన్ విప్పడం, బాగుచేయడం. నా బల్ల ముందు నిలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను. కంప్యూటర్ పాడైందని ఏడ్చినవాళ్లు మాత్రం వాళ్లలో ఒక్కరూ లేరు. మిషన్ పోతే అప్పో సప్పో చేసి ఇంకోటి కొంటారు. వాళ్లు ఏడ్చింది అందులో ఉన్న ఫైళ్ల కోసం. కూతురి పెళ్లి ఫొటోలు, రెండేళ్ల లెక్కలు, చనిపోయిన తండ్రి మాట్లాడిన ఒకే ఒక్క వీడియో. అందుకే నా దగ్గరికి ఎవరు మిషన్ పట్టుకొచ్చినా నేను మొదట అడిగే మాట, "రెండో కాపీ ఎక్కడుంది?" అని. చాలామంది జవాబు చెప్పలేక నా మొహం వంక చూస్తారు. ఆ చూపు నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఇక్కడి నుంచి వెళ్లేసరికి మీ అందరి దగ్గరా దానికి జవాబుండాలని నా ఆరాటం.

వైరస్ ఎంత పని చేయగలదో నేను కళ్లారా చూసింది 1999 ఏప్రిల్ 26న. సోమవారం. పొద్దున్నే ల్యాబ్ తీసి ఒక్కో మిషన్ ఆన్ చేస్తున్నాం. కొన్ని విండోస్ దాకా వచ్చి బిగుసుకుపోయాయి. ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, మానిటర్ మీద మాత్రం ఏమీ రావట్లేదు. బీప్ కూడా లేదు. అందరూ ముందు కరెంటు మీద అనుమానపడ్డారు. మధ్యాహ్నానికల్లా ఊళ్లో మిగతా ఇన్‌స్టిట్యూట్ల నుంచి కూడా అదే కబురు వచ్చేసరికి ఇది కరెంటు పని కాదని అర్థమైంది.

అది సీఐహెచ్ వైరస్. తైవాన్‌లో చెన్ ఇంగ్ హౌ అనే విద్యార్థి 1998లో రాసిన ప్రోగ్రాం. విండోస్ 95, 98 మిషన్లలో ప్రోగ్రాం ఫైళ్లలోకి దూరి, నెలల తరబడి కిక్కురుమనకుండా కూర్చుని, ఏప్రిల్ 26 రాగానే రెండు పనులు చేసింది. హార్డ్‌డిస్క్‌లో మొదటి ఒక మెగాబైట్‌ని తుడిచిపెట్టేసింది. మిషన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం బోర్డు మీదున్న బయోస్ చిప్పులో ఉంటుంది, దాన్ని కూడా చెరిపేయబోయింది, కొన్ని బోర్డుల్లో చెరిపేసింది. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగింది కూడా ఏప్రిల్ 26నే కావడంతో జనం దీన్ని చెర్నోబిల్ వైరస్ అన్నారు. ఇది మన ఊరికి ఇంటర్నెట్‌లో రాలేదు, అప్పుడు ఇంటర్నెట్ ఎంతమందికుంది గనక? చేతులు మారి వచ్చే కాపీ సీడీల్లో వచ్చింది. ఒకే సీడీలో ఇరవై గేములు, పది సాఫ్ట్‌వేర్లు ఉండేవే, అవి.

బయోస్ పోయిన బోర్డులకి చేసిన వైద్యం ఇప్పటి కుర్రాళ్లు చూసి ఉండరు. చిప్పు సాకెట్లో ఉన్న బోర్డయితేనే ఆశ. అదే మోడల్ బోర్డున్న మంచి మిషన్ ఒకటి చూసుకుని, ఫ్లాపీతో, విండోస్ లేకుండా టైపు చేసిన కమాండ్లతో నడిచే డాస్‌లోకి వెళ్లేవాళ్లం. ఒకసారి డాస్ వచ్చాక బయోస్ చిప్పుతో పనుండదు, కావాల్సింది అప్పటికే మెమరీలోకి వచ్చేసి ఉంటుంది. మిషన్ నడుస్తుండగానే మంచి చిప్పుని సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఈ చివర కొంచెం, ఆ చివర కొంచెం లేపుతూ కాళ్లు వంగకుండా బయటికి తీయాలి. దాని స్థానంలో చచ్చిన చిప్పుని గాడి చూసుకుని కూర్చోబెట్టాలి. తిరగేసి పెడితే చిప్పు కాలిపోతుంది. అప్పుడు ఫ్లాపీలో ఉన్న బయోస్ ఫైలుని దాంట్లోకి ఎక్కించాలి. ఆ కాసేపు కరెంటు పోకూడదు. మే నెల ఎండల్లో, మన కరెంటు కోతల మధ్య, ఆ టెన్షన్ ఎలా ఉండేదో ఊహించుకోండి. సాకెట్ లేకుండా అతికించిన చిప్పులైతే బోర్డే మార్చాల్సి వచ్చేది. దానికోసం రాత్రి రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయేవాళ్లు.

డిస్కుల సంగతి ఇంకా ముఖ్యం. హార్డ్‌డిస్క్ మొదట్లో ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే పట్టిక ఒకటుంటుంది, ఫ్యాట్ అంటాం. ఒకటి పాడైతే ఇంకోటి ఉండాలని ఆ పట్టికని డిస్క్ మీద రెండుసార్లు రాస్తారు. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెద్ద డిస్కుల్లో మొదటి పట్టికే మెగాబైట్ దాటి ఉండేది, రెండోది దాని వెనకాల ఎక్కడో ఉండేది. వైరస్ అంతదూరం పోలేదు. అమెరికాలో స్టీవ్ గిబ్సన్ అనే ప్రోగ్రామర్ ఆ రెండో పట్టికని పట్టుకుని డిస్కుని మళ్లీ నిలబెట్టే ఫిక్స్ సీఐహెచ్ అనే చిన్న ప్రోగ్రాం రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఆయన్ని నేను చూసింది లేదు, అయినా ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. మరి ఫ్యాట్16లో ఉన్న పాత చిన్న డిస్కుల్లో ఏమైంది? రెండు పట్టికలూ పక్కపక్కనే, ఆ మొదటి మెగాబైట్‌లోనే ఉండేవి. రెండూ కలిసే పోయాయి. దీన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. చీమకుర్తి గ్రానైట్ లెక్కల సంగతి చెప్పేటప్పుడు మళ్లీ ఇక్కడికే వస్తాను.

ఆ మరుసటి ఏడాది, 2000 మే 4న, ఫిలిప్పీన్స్ నుంచి బయల్దేరిన ఐ లవ్ యూ అనే ఈమెయిల్ ఒక్కరోజులో ప్రపంచమంతా చుట్టేసింది. మన దగ్గర దాని దెబ్బ తక్కువే. కానీ అది వాడిన ఉపాయం ఈ రోజుకీ నడుస్తోంది. మెయిల్‌కి తగిలించిన ఫైలు పేరు లవ్ లెటర్ ఫర్ యూ డాట్ టీఎక్స్‌టీ డాట్ వీబీఎస్. విండోస్ మామూలుగా ఫైలు పేరులో చివరి ముక్కని దాచేస్తుంది. దాంతో చూసేవాళ్లకి టీఎక్స్‌టీ వరకే కనిపించింది, మామూలు ఉత్తరం అనుకుని తెరిచారు. మనకి ఇంటిపేరు ముందొస్తుంది, ఫైలుకి ఇంటిపేరు చివర వస్తుంది. అది తెలియకుండా ఏ ఫైలునీ లోపలికి రానివ్వకూడదు. కంట్రోల్ ప్యానెల్లో ఫోల్డర్ ఆప్షన్స్‌కి వెళ్లి, ఎక్స్‌టెన్షన్లు దాచమనే టిక్కు తీసేయండి. విండోస్ 11లో అయితే ఫోల్డర్ తెరిచి పైన వ్యూ నొక్కితే షో అనే దాంట్లోనే ఉంటుంది. షాపులో ఎన్ని మిషన్లుంటే అన్నిట్లో ఈ రాత్రికే చేయండి. పైసా ఖర్చు లేదు.

ఇక పెన్‌డ్రైవుల కాలం. మీలో చాలామందికి ఇది నాకంటే బాగా తెలుసు. 2006 నుంచి 2011 దాకా ట్రంకు రోడ్డు మీద ఏ డీటీపీ సెంటర్‌కి పోయినా ఒకటే గోల. పెళ్లికార్డు మ్యాటర్ తెచ్చేవాళ్ల పెన్‌డ్రైవ్, కాలేజీ పిల్లల పెన్‌డ్రైవ్, స్టూడియో వాళ్ల మెమరీ కార్డు, అన్నీ ఒకే మిషన్‌కి పెట్టాలి. ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్ అని ఒక చిన్న ఫైలు ఉండేది. సీడీ పెట్టగానే దానంతటదే నడవాలని పెట్టిన సౌకర్యం అది. వైరస్ రాసేవాళ్లు దాన్నే దారి చేసుకున్నారు. పెన్‌డ్రైవ్ గుచ్చి డబుల్ క్లిక్ కొడితే చాలు, మిషన్‌లోకి దిగిపోయేది. ఆ తర్వాత గుచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్‌లోకీ ఎక్కేది. న్యూ ఫోల్డర్ డాట్ ఈఎక్స్‌ఈ గుర్తుందా? పసుపు ఫోల్డర్ బొమ్మ వేసుకున్న ప్రోగ్రాం. ఫోల్డరే అనుకుని తెరిస్తే అంటుకునేది. ఫోల్డర్ ఆప్షన్స్ మాయమయ్యేవి, టాస్క్ మేనేజర్ తెరుచుకునేది కాదు. 2007 ప్రాంతంలో ఇంకోటొచ్చింది, అప్పట్లో ఫేస్‌బుక్‌లా వాడిన ఆర్కుట్ సైటు తెరవగానే ఆర్కుట్ నిషేధించాం అని బెదిరించి విండో మూసేసేది. నెట్ సెంటర్లలో పిల్లలు నిజంగానే గవర్నమెంటు ఆపేసిందనుకున్నారు.

కొందరు పెద్దమనుషులు పెన్‌డ్రైవ్‌లో ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్ పేరుతో ముందే ఒక ఖాళీ ఫోల్డర్ చేసి పెట్టేవాళ్లు. అదే పేరుతో ఫైలు, ఫోల్డర్ రెండూ ఒకే చోట ఉండవు కాబట్టి చాలా వైరస్‌లు అక్కడ ఆగిపోయేవి. తెలివైన పనే. చివరికి 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీ, విస్టా మిషన్లకి అప్‌డేట్‌లో పంపి, పెన్‌డ్రైవ్‌ల ఆటోరన్‌ని ఆపేసింది. ఆ గోల తగ్గింది. ఆ తర్వాత వచ్చింది షార్ట్‌కట్ వైరస్. అసలు ఫైళ్లని దాచేసి, వాటి చోట బాణం గుర్తున్న షార్ట్‌కట్లు పెట్టేది.

దీని గురించి ఒక్క సంగతి చెప్పాలి. ఒక రాత్రి షట్టర్ సగం దించాక ఒక అమ్మాయి వచ్చింది. ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. తెల్లారితే ప్రాజెక్ట్ వైవా. రికార్డు ప్రింట్ తీయించుకుందామని షాపులన్నీ తిరిగి వచ్చింది.

"అన్నా, పెన్‌డ్రైవ్‌లో ఏం లేదన్నా. అన్నీ బాణం గుర్తులే వస్తున్నాయి."

"ఫార్మాట్ కొట్టావా అమ్మా?"

"లేదన్నా. అక్కడ ప్రింట్లు తీసేవాళ్లు కొట్టేయమన్నారు. నాకు భయమేసి కొట్టలా."

"మంచి పని చేశావు తల్లీ, కూర్చో."

డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూపించాను. పైకి ఏమీ లేనట్టు కనిపిస్తున్న డ్రైవ్‌లో సగానికి పైగా నీలం రంగు నిండి ఉంది. అంటే సరుకంతా లోపలే ఉంది, కనపడకుండా చేశారంతే. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఆట్రిబ్ అనే కమాండ్‌తో హిడెన్, సిస్టమ్, రీడ్ ఓన్లీ గుర్తులు మూడూ తీసేశాను. పేరే లేని ఒక ఫోల్డర్ బయటపడింది. ఆమె ప్రాజెక్ట్ మొత్తం అందులో ఉంది. షార్ట్‌కట్లు చెరిపేసి, ఫైళ్లు మాత్రం వేరే కార్డులోకి తీసి ఇచ్చాను. ఆ పిల్ల మొహంలో వెలుగు చూసిన రోజున అన్నం తినకపోయినా కడుపు నిండిపోయింది. మీ కౌంటర్ దగ్గరికి ఇలాంటి పిల్లలు రోజూ వస్తారు. దయచేసి ఎవరికీ "ఫార్మాట్ కొట్టేయ్" అని తొందరపడి చెప్పకండి. ముందు నిండిందెంత, ఖాళీ ఎంత చూడండి.

అప్‌డేట్ల గురించి తొందరగా చెప్పేస్తాను. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వైరస్ వచ్చింది. నెట్ కనెక్ట్ చేసిన కొద్దిసేపటికే ఒక నిమిషంలో మిషన్ ఆగిపోతుందని లెక్క మొదలుపెట్టేది. అది దూరిన కంతకి మైక్రోసాఫ్ట్ మందు జులైలోనే ఇచ్చింది. 2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ వచ్చింది. దానికి మందు మార్చిలోనే ఉంది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆగిపోయాయి, మన రాష్ట్రంలో కొన్ని పోలీస్ స్టేషన్ల కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నట్టు అప్పుడు వార్తలొచ్చాయి. రెండుసార్లూ అప్‌డేట్ వేసుకున్న మిషన్‌కి ఏమీ కాలేదు. "అప్‌డేట్ పెడితే స్లో అవుతుంది" అని ఆపేసినవాళ్లే నష్టపోయారు. రాత్రి షాపు మూసే ముందు అప్‌డేట్ పెట్టి ఇంటికి పోండి, పొద్దుటికి అయిపోతుంది.

ఇప్పుడు చీమకుర్తి విషయం. అక్కడ ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ. పేరు చెప్పను, ఇప్పుడు బాగానే నడుస్తోంది. ఆఫీసులో అకౌంట్స్ చూసే కుర్రాడు మంచివాడు, కష్టపడేవాడు. ఏదో డిజైన్ సాఫ్ట్‌వేర్ కావాల్సి వచ్చి, కొనాలంటే ఖరీదని, నెట్‌లో క్రాక్ వెర్షన్ దించాడు. దాంతోపాటు వచ్చిన సూచనల్లో మొదటి లైనే, ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయమని. ఆపేశాడు. ఒక గంట తర్వాత చూస్తే ప్రతి ఫైలు పేరు వెనకా కొత్తగా నాలుగక్షరాలు చేరాయి. ఏదీ తెరుచుకోవట్లేదు. ప్రతి ఫోల్డర్లోనూ రీడ్‌మీ అని ఒక నోటు. ఫైళ్లకి తాళం వేశాం, తాళంచెవికి 980 డాలర్లు, 72 గంటల్లో అడిగితే సగానికి, 490కి ఇస్తాం అని రాసుంది. ఇలాంటి వాటిని ర్యాన్సమ్‌వేర్ అంటారు. ఇది స్టాప్ అని, డీజేవీయూ అని పిలిచే రకం. క్రాక్ సాఫ్ట్‌వేర్లలోనే ఎక్కువగా తిరుగుతుంది.

యజమాని ఫోన్ చేశారు. నేను వెళ్లేసరికి ఆయన కంగారులో ఉన్నారు. "డబ్బు పోతే పోయింది, కట్టేద్దామయ్యా. జీఎస్టీ రిటర్న్ గడువు దగ్గర పడింది, ఆడ లోడు పోర్టులో ఉంది." నేను నా అలవాటు ప్రశ్న అడిగాను. అకౌంట్స్ కుర్రాడు వెంటనే చెప్పాడు, "ఉందన్నా, రోజూ తీస్తా. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో." ఆ డిస్క్ ఎక్కడుందో చూస్తే, సీపీయూ వెనకే వైరుకి తగిలించి ఉంది. కొన్న రోజు నుంచీ పీకలేదు. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ బ్యాకప్‌లన్నిటికీ అవే నాలుగక్షరాలు తగిలి ఉన్నాయి. ఆ పిల్లాడు కుర్చీలో కూలబడిపోయాడు. ఇందాక చెప్పిన పాత డిస్కుల్లోలాగే రెండు కాపీలూ ఒకే దెబ్బకి అందే చోట ఉన్నాయి. రోజూ బ్యాకప్ తీసిన మనిషి, తన పని తాను శ్రద్ధగా చేసిన మనిషి, అట్లా అయిపోవడం చూస్తే నా గుండె తరుక్కుపోయింది. ఆ వైరు ఒక్కటి పీకాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

డబ్బు కట్టొద్దన్నాను. కట్టినా తాళంచెవి ఇస్తారన్న హామీ లేదు, ఇచ్చినా మళ్లీ రారన్న నమ్మకం లేదు. ముందు మిషన్‌ని నెట్‌వర్క్ నుంచి విడదీశాం. తాళం పడ్డ డిస్కుని పక్కన పెట్టి కొత్త డిస్క్ వేశాం. తర్వాత కూర్చుని ఏది ఎక్కడ దొరుకుతుందో వెతికాం. ఆడిటర్ గారి ఆఫీసులో మార్చి నెలాఖరు నాటి ట్యాలీ కాపీ ఉంది. అక్కడి నుంచి ముందుకి, అమ్మకాలు జీఎస్టీ పోర్టల్లో ఉన్నాయి, లారీలు కదిలిన వివరాలు ఈ-వే బిల్లుల్లో ఉన్నాయి, డబ్బు రాకపోకలు బ్యాంక్ స్టేట్‌మెంట్లలో ఉన్నాయి, ఎగుమతి ఇన్‌వాయిస్‌లు ఈమెయిల్లో పంపినవి పంపినట్టే ఉన్నాయి. బ్లాకుల కొలతల షీట్లు మాత్రం ఎక్కడా లేవు. వాటిని క్వారీ దగ్గర మేస్త్రి చేత్తో రాసుకున్న పుస్తకాల్లోంచి మళ్లీ ఎక్కించారు. పొడవు, వెడల్పు, ఎత్తు, ఒక్కో బ్లాక్‌కీ. రాత్రిళ్లు కూర్చున్నారు. అయినా నిలబడ్డారు.

తాళం పడ్డ ఫైళ్లని పారేయొద్దు. 2016 జులైలో నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్, కాస్పర్‌స్కీ, ఇంటెల్ సెక్యూరిటీ కలిసి నో మోర్ ర్యాన్సమ్ అని ఒక వెబ్‌సైట్ పెట్టారు. ఏ రకం తాళానికి మందు దొరికితే అది అక్కడ ఉచితంగా పెడతారు. ఈ రకంలోనే పాతవాటికి 2019లో ఎమ్సిసాఫ్ట్ అనే సంస్థ విప్పే ప్రోగ్రాం ఇచ్చింది. కొత్తవాటిలో చాలావాటికి లేదు. తర్వాతైనా రావచ్చు కాబట్టి ఆ డిస్క్ మీద చీటీ అంటించి బీరువాలో పెట్టించాను.

మరి మీ షాపుల్లో ఏం చేయాలి? నా మటుకు నేను చేసేదే చెబుతాను. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు కొనండి. ఒకదాని మీద సోమవారం, ఇంకోదాని మీద గురువారం అని స్టిక్కర్ వేయండి. సోమవారం సాయంత్రం మొదటిది తగిలించి, కాపీ చేసి, పీకేసి, ఇంటికి తీసుకుపోండి. గురువారం రెండోది. ఎప్పుడూ రెండూ ఒకేసారి మిషన్‌కి ఉండకూడదు, రెండూ ఒకేసారి షాపులో ఉండకూడదు. తుపాను నీళ్లు షాపులోకి వస్తే ఏమవుతుందో మన తీరప్రాంతం వాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. నెలకోసారి ఆ డిస్క్‌లోంచి ఒక ఫైలు తెరిచి చూడండి. కాపీ అయింది అనుకోవడం వేరు, తెరుచుకోవడం వేరు. ట్యాలీ వాడేవాళ్లు బ్యాకప్‌ని వేరే ఫోల్డర్లోకి రిస్టోర్ చేసి, నిన్నటి వోచర్ ఉందో లేదో చూడండి. ఫొటో స్టూడియో వాళ్లు ఆల్బమ్ డెలివరీ ఇచ్చేదాకా కెమెరా కార్డు చెరపొద్దు. ఒక ఇంట్లో పెళ్లి మళ్లీ జరగదు.

యాంటీవైరస్ గురించి అందరూ అడుగుతారు. విండోస్ 10, 11లో డిఫెండర్ దాంతోపాటే వస్తుంది, మామూలు షాపుకి అది చాలు. కొనుక్కోవాలనుకుంటే పుణె వాళ్ల క్విక్‌హీల్, చెన్నై వాళ్ల కే7 లాంటివి మన దేశంలోనే ఉన్నాయి. ఏదో ఒకటే వేయండి. రెండేస్తే ఒకదాన్నొకటి అడ్డుకుని మిషన్ నడవదు. క్రాక్ చేసిన యాంటీవైరస్ మాత్రం వద్దు. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర వెబ్‌సైట్లో కూడా వైరస్ తీసే టూల్స్ ఉచితంగా దొరుకుతాయి. ఇంకో మాట. కస్టమర్ ఫైళ్లు తీసే మిషన్, మీ బ్యాంకు లాగిన్లు, మీసేవ పనులు చేసే మిషన్ వేరువేరుగా ఉండాలి. ఇప్పటి వైరస్‌లు చాలావాటికి మిషన్ పాడుచేయడంతో పనిలేదు. బ్రౌజర్లో సేవ్ చేసిన పాస్‌వర్డ్లన్నీ మూటగట్టుకుని చప్పుడు లేకుండా పోతాయి.

ఇక ఫోన్లు. మనం డిజైన్ చేసే పెళ్లికార్డుల పేరుతోనే ఇప్పుడు దొంగతనాలు జరుగుతున్నాయి. తెలిసినవాళ్ల నంబర్ నుంచే వాట్సాప్‌లో వస్తుంది, మా ఇంట్లో పెళ్లి, తప్పక రావాలి అని, కింద ఒక ఫైలు. దాని చివరి ముక్క ఏపీకే. ఇందాక ఇంటిపేరు చూడమన్నది దీనికోసమే. కార్డు అయితే జేపీజీ ఉండాలి, పీడీఎఫ్ ఉండాలి. ఏపీకే అంటే ఫోన్‌లో ఇన్‌స్టాల్ అయ్యే యాప్. నొక్కితే తెలియని చోటి నుంచి ఇన్‌స్టాల్ చేయనిస్తావా అంటుంది, తర్వాత ఎస్ఎంఎస్‌లు చదవనిస్తావా అంటుంది. కార్డు చూసే తొందరలో రెండిటికీ సరే అంటారు. అక్కడి నుంచి బ్యాంకు ఓటీపీలు మనకంటే ముందు వాళ్లకి పోతాయి. మన కాంటాక్టులందరికీ అదే పెళ్లిపిలుపు మన పేరుతో పోతుంది. పీఎం కిసాన్ అని, ఆర్టీవో చలానా అని, బ్యాంకు కేవైసీ అని కూడా ఇవే వస్తున్నాయి.

కొత్తపట్నం వైపు మా దూరపు బంధువు ఒకామెకి ఇలాగే జరిగింది. ఆమె కొడుకు నాకు ఫోన్ చేశాడు. "మావా, అమ్మ ఏదో కార్డు నొక్కిందంట, డబ్బులు కట్ అవుతున్నాయి." నేను చెప్పింది ఇదీ: ముందు ఆ ఫోన్‌లో సిమ్ తీసేయండి, వైఫై ఆపండి. వేరే ఫోన్ నుంచి 1930కి కొట్టండి. బ్యాంకుకి ఫోన్ చేసి ఖాతా, యూపీఐ ఆపించండి. వాళ్లు వెంటనే చేశారు కాబట్టి కొంత డబ్బు అవతలి ఖాతాలోనే ఆగింది. 1930 సైబర్ మోసాల హెల్ప్‌లైన్, దేశమంతా అదే నంబర్. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆ నంబర్‌ని మీ కౌంటర్ మీద పెద్దక్షరాలతో ప్రింట్ తీసి పెట్టండి. ప్రింటర్లు మీ దగ్గరే ఉన్నాయి. మీ షాపుకొచ్చే ముసలివాళ్లకి చదివి వినిపించండి. ఈ విషయంలో మీరు చేయగలిగినంత మేలు పోలీసులు కూడా చేయలేరు, ఎందుకంటే జనం ముందు మీ దగ్గరికే వస్తారు. పెళ్లికార్డు పీడీఎఫ్ ఇచ్చేటప్పుడు పెళ్లివాళ్లకి కూడా చెప్పండి, "ఇది తప్ప ఇంకే రకం ఫైలు వచ్చినా మాది కాదని మీ గ్రూపులో రాయండి" అని.

ప్రశ్నలేమన్నా ఉంటే అడగండి. ఆ వెనకాల అన్న చెయ్యెత్తారు. విండోస్ 7 మిషన్ ఉంది, తెలుగు టైపింగ్‌కి వాడే అను ఫాంట్లు, పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్ దాంట్లోనే బాగా నడుస్తాయి, ఏం చేయాలి అంటున్నారు. మంచి ప్రశ్న అన్నా, సగం షాపుల్లో ఇదే పరిస్థితి. విండోస్ 7కి 2020 జనవరి 14తో అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగాయి. పాత మిషన్‌ని పారేయమని నేను అనను, మీ అన్నం అది. నెట్ వైరు మాత్రం పీకేయండి, వైఫై తీసేయండి. దాన్ని టైపింగ్‌కి, డిజైన్‌కి మాత్రమే వాడండి. మెయిల్, వాట్సాప్ వెబ్, బ్యాంకు అన్నీ కొత్త మిషన్‌లో. రెండిటి మధ్య ఫైళ్లు మార్చడానికి కస్టమర్ల పెన్‌డ్రైవ్ వాడకుండా మీ సొంత ఎస్‌డీ కార్డు ఒకటి పెట్టుకోండి. కార్డు పక్కన చిన్న లాక్ మీట ఉంటుంది చూడండి, దాన్ని కిందికి జరిపితే మిషన్ అందులోకి ఏమీ రాయదు. పాత మిషన్‌లోకి ఫైలు తెచ్చేటప్పుడు లాక్ వేసి పెట్టండి. ఆ మిషన్‌లో ఉన్న పాత డిజైన్లన్నిటికీ బయట ఒక కాపీ ఉండాలి, హార్డ్‌డిస్క్ వయసు కూడా చూసుకోవాలి కదా.

డిస్కులు తెచ్చుకున్నవాళ్లు ఇటు టేబుల్ దగ్గరికి రండి. ల్యాప్‌టాప్ పెట్టుకొచ్చాను. కాపీ తీయడం, పీకడం, మళ్లీ తెరిచి చూడడం మీ చేతే చేయిస్తాను.